పేడ డ్రమ్ములో ప్రొటీన్ పుడుతుందా? ఈస్ట్ దాణా లెక్క, మన తోట లెక్క

*ఈ సంచిక ప్రధాన వ్యాసం | సోలాపూర్, విడీ ఘర్కుల్ నుంచి*



ఈసారి ప్రశ్న విడీ ఘర్కుల్ నుంచి వచ్చింది. హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఈ బస్తీలో మన తెలుగు వాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు కార్ఖానాల్లో టవళ్లు, చద్దర్లు నేస్తారు. మన గ్రూపులో ఉన్న ఒక చెల్లె వాళ్లింట్లోనూ అంతే. ఆమె మరిది మాత్రం ఊళ్లో ఎకరం మల్బరీ పెట్టి పురుగులు పెంచుతున్నాడు. రెండు బర్రెలు, నాలుగు మేకలు, కొన్ని నాటుకోళ్లు కూడా ఉన్నాయి.

ఆమె పంపిన వాయిస్ మెసేజ్ సారాంశం ఇది: "అన్నా, పేడ నీళ్లలో ఈస్ట్ కలిపి డ్రమ్ములో పెడితే వారంలో 50 శాతం ప్రొటీన్ దాణా తయారవుతదని వీడియో చూసినం. డ్రమ్ములు, గాలి మోటరు, ఈస్ట్ పొడి అన్నీ కలిపి సెట్టు అమ్ముతున్నరు. బీడీల పైసలు జమ చేసినయి ఉన్నయి. పెట్టమంటరా? షెడ్డు పక్కనే జాగ ఉంది."

పల్లీ చెక్క ధర చూసి భయపడే ప్రతి ఇంట్లో ఈ ప్రశ్న ఉంది. అందుకే ఒక్కరికి జవాబు చెప్పి ఊరుకోకుండా అందరికీ రాస్తున్నాం.

*ముందు మంచి మాట: ఈస్ట్‌లో ప్రొటీన్ నిజమే*

ఈస్ట్ అంటే కంటికి కనిపించని ఒంటికణపు బూజు జాతి జీవి. బేకరీలో బ్రెడ్డు పొంగించేదీ, డిస్టిలరీలో సారాయి పులియబెట్టేదీ ఇదే. ఎండబెట్టిన ఈస్ట్‌లో సుమారు 45 నుంచి 50 శాతం ప్రొటీన్ ఉంటుంది. జొన్న, మక్కల్లో తక్కువగా ఉండే లైసిన్ ఇందులో బాగా ఉంటుంది. బి విటమిన్లు కూడా ఉంటాయి. మిథియోనిన్ మాత్రం తక్కువ. అన్నీ కుదిరితే రెండు మూడు గంటల్లో రెట్టింపు అవుతుంది. ఇంత వేగంగా పెరిగే పశువు, పంట ఏదీ లేదు.

కాబట్టి వీడియోలో చెప్పిన "50 శాతం" పూర్తిగా గాలి మాట కాదు. ఆ ఈస్ట్ ఏం తిని పెరుగుతుందో మాత్రం వాళ్లు చెప్పలేదు. మొత్తం లెక్క అక్కడే ఉంది.

*ఈస్ట్ పేడ తినదు, తీపి తింటుంది*

ఈస్ట్‌కు ప్రధాన తిండి చక్కెర. పేడలో చక్కెర ఉండదు. ఉన్న తీపి, పిండి పదార్థం అంతా బర్రె కడుపులోనే అరిగిపోయింది. ఇక మిగిలేది బర్రె కూడా అరిగించుకోలేకపోయిన పీచు. మామూలు ఈస్ట్‌కు ఆ పీచును విరగ్గొట్టే శక్తి లేదు. బర్రె నాలుగు అరల కడుపుతో చేయలేని పని డ్రమ్ములో ఈస్ట్ చేయలేదు.

మరి పేడ, మూత్రం, కోళ్ల పెంట ఈస్ట్‌కు దేనికి పనికొస్తాయి? నత్రజనికి. ప్రొటీన్ కట్టాలంటే చక్కెరతో పాటు నత్రజని కావాలి. ఒక కిలో ఎండు ఈస్ట్‌లో దాదాపు 80 గ్రాముల నత్రజని ఉంటుంది. అది 175 గ్రాముల యూరియాలో దొరుకుతుంది, లేదంటే సుమారు 8 నుంచి 16 లీటర్ల పశువుల మూత్రంలో దొరుకుతుంది. అంటే పశువుల వ్యర్థం ఇక్కడ యూరియా చేసే పనే చేస్తుంది. తిండి పెట్టే పని చక్కెరది.

ఆ చక్కెర ఎంత కావాలి? గాలి బాగా అందితే 1 కిలో చక్కెరకు ఎక్కువలో ఎక్కువ అర కిలో ఎండు ఈస్ట్ వస్తుంది. చక్కెర మిల్లు మొలాసిస్‌లో, అంటే ఇక్కడివాళ్లు మళీ అనేదానిలో, సుమారు సగం చక్కెర ఉంటుంది. లెక్క ఇలా:

▪️ 1 కిలో మొలాసిస్ = సుమారు అర కిలో చక్కెర
▪️ దాని నుంచి = బాగా కుదిరితే 250 గ్రాముల ఎండు ఈస్ట్
▪️ అందులో ప్రొటీన్ = 110 నుంచి 125 గ్రాములు

అంటే 1 కిలో ప్రొటీన్ కావాలంటే 8, 9 కిలోల మొలాసిస్ కావాలి. కరెంటు, ఈస్ట్ పొడి, మన కూలి వేరే. మంచి పల్లీ చెక్కలో 40 శాతం పైన ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి అదే కిలో ప్రొటీన్ రెండున్నర కిలోల చెక్కలో వచ్చేస్తుంది. మీ ఊళ్లో రెండింటి ధరలూ కనుక్కుని పక్కపక్కన రాసుకోండి.

*"ల్యాబ్ రిపోర్టు ఉంది" అంటే?*

చాలామంది ఇక్కడే పడిపోతారు. దాణా పరీక్షల్లో సాధారణంగా ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజని ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు. దాన్ని ముడి ప్రొటీన్ అంటారు. మామూలు దాణాకు ఈ పద్ధతి సరిపోతుంది. కానీ యూరియాను ఇదే పరీక్షకు పంపితే? యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి 287 శాతం ప్రొటీన్ అని లెక్క తేలుతుంది! యూరియాలో ప్రొటీన్ చుక్క కూడా లేదు.

2008లో చైనాలో పాల పొడి ఘోరం ఈ సందులోంచే జరిగింది. నీళ్లు కలిపిన పాలలో ప్రొటీన్ ఎక్కువ చూపించడానికి నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ కలిపారు. పసిపిల్లల కిడ్నీలు దెబ్బతిన్నాయి.

కోళ్ల పెంటను పరీక్షకు పంపినా 20 శాతం పైగా ముడి ప్రొటీన్ చూపిస్తుంది. అందులో చాలా భాగం యూరిక్ ఆమ్లమే. కాబట్టి పేడ, పెంట, యూరియా కలిసిన డ్రమ్ము సరుకు రిపోర్టులో ఎంత అంకె వచ్చినా అది ఈస్ట్ కట్టిన ప్రొటీన్ అని నమ్మకం లేదు. రిపోర్టు చూపిస్తే "నిజ ప్రొటీన్ ఎంత? అమ్మోనియా, యూరియా రూపంలో ఎంత?" అని అడగండి.

*పెద్దవాళ్లు ఎలా చేశారు?*

ఈస్ట్‌ను మేతగా పెంచడం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి బయటి నుంచి మేత రావడం ఆగిపోయింది. బెర్లిన్‌లో మాక్స్ డెల్‌బ్రూక్ బృందం మొలాసిస్ మీద, అమ్మోనియా లవణాలు కలిపి ఈస్ట్ పెంచి మేతలో వాడే పద్ధతి నిలబెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం మిల్లుల్లో మిగిలే చక్కెర నీళ్ల మీద టోరులా అనే ఈస్ట్ పెంచారు. 1940ల్లో బ్రిటిష్ వాళ్లు జమైకాలోని ఫ్రోమ్ చక్కెర మిల్లు దగ్గర ఈస్ట్ ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత క్యూబా కూడా తన చెరకు మొలాసిస్ మీద టోరులా పెంచి పందులకు, కోళ్లకు వాడింది.

ఈ నాలుగు చోట్లా మూలం చక్కెరే. ఎక్కడా పేడ కాదు.

పేడనే మేతగా మార్చాలన్న ప్రయత్నాలూ జరిగాయి. 1970ల్లో అమెరికాలోని అరిజోనాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పశువుల పేడ మీద సూక్ష్మజీవులను పెంచి ప్రొటీన్ తీయాలని చూసింది. అయితే వాళ్లు ఈస్ట్‌ను వాడలేదు. వేడిని తట్టుకుని, పీచును విరగ్గొట్టగల వేరే సూక్ష్మజీవులను ఎంచుకున్నారు. అంత పెద్ద కంపెనీ చేసినా అది ఊరూరా నడిచే వ్యాపారం కాలేదు.

సోలాపూర్ జిల్లా చక్కెర మిల్లుల జిల్లా, మొలాసిస్‌కు కొదవ లేదు కదా అనొచ్చు. కానీ ఇప్పుడు మొలాసిస్‌కు పెద్ద గిరాకీ ఇథనాల్ నుంచి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని 2025లో మన దేశం అందుకుంది. అదే మొలాసిస్ కోసం డిస్టిలరీ ఒక పక్క, మన డ్రమ్ము ఇంకో పక్క నిలబడితే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

*ఇంటి డ్రమ్ములో ఏం జరుగుతుంది?*

సరే, ఎవరో మొలాసిస్ చవగ్గా ఇచ్చారనుకుందాం. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల మొలాసిస్ పోశాం. ఇప్పుడు మూడు చిక్కులు.

*ఒకటి, గాలి.* ఈస్ట్ ఒంటికి పట్టాలంటే డ్రమ్ములో అడుగు నుంచి గాలి నిరంతరం బుడగలుగా రావాలి. గాలి చాలకపోతే అది పెరగడం తగ్గించి చక్కెరను సారాయిగా మార్చేస్తుంది. గాలి బాగుంటే 10 కిలోల మొలాసిస్‌కు రెండున్నర కిలోల ఎండు ఈస్ట్ రావచ్చు. గాలి లేకపోతే అర కిలో కూడా కష్టం. చేపల తొట్టి మోటరు లాంటిది దీనికి ఏ మూలకూ చాలదు.

*రెండు, పులుపు.* ఈస్ట్‌కు కాస్త పుల్లటి నీళ్లు ఇష్టం, పీహెచ్ 4 నుంచి 5. పేడ, మూత్రం కలిపిన నీళ్లు దానికి పూర్తి విరుద్ధం, క్షారం వైపు ఉంటాయి. అక్కడ బ్యాక్టీరియాదే రాజ్యం. మనం చారెడు ఈస్ట్ వేస్తే పేడలో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ముందే కాచుకుని ఉంటుంది. వారం తర్వాత వచ్చే నురగ, వాసన ఈస్ట్‌దో ఇంకొకరిదో కంటితో చూసి చెప్పలేం.

*మూడు, వడకట్టడం.* ఈస్ట్ కణం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. మన సోలాపూర్ టవల్ ఎంత దట్టంగా నేసినా అందులోంచి జారిపోతుంది. ఫ్యాక్టరీల్లో గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్‌తో వేరు చేసి, వేడి మీద ఎండబెడతారు. ఇంట్లో ఆ సాధనం లేదు కాబట్టి పేడ నీళ్లతో సహా పశువుకు, కోడికి పోయాల్సి వస్తుంది. అందులో సాల్మొనెల్లా, ఈ-కోలి, నట్టల గుడ్లు ఉంటే అవి కూడా వెళ్తాయి. పశువుకు వాడిన మందుల అవశేషాలూ ఉండొచ్చు. ఆ కోడి గుడ్డు తినేది మన పిల్లలే.

*మన షెడ్డుకు వచ్చే ముప్పు*

ఇదంతా ఏ పాడి రైతుకైనా వర్తించే మాట. పట్టు రైతుకు ఇంకో పెద్ద లెక్క ఉంది. దాణాలో మిగిలేది వందల్లో ఉంటే, ఒక పంట పోతే పోయేది వేలల్లో ఉంటుంది.

▪️ మొలాసిస్ డ్రమ్ము ఉన్నచోటికి చీమలు, ఈగలు వరస కడతాయి. చీమ పురుగుకు శత్రువని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

▪️ సరిగ్గా ఎండని ఈస్ట్ ముద్ద మీద బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ బూజు గాలిలో తేలి చాకీ పురుగుల మీద పడితే మొదటి, రెండో జ్వరాల్లోనే నష్టం మొదలవుతుంది.

▪️ కొందరు పేడతో పాటు పడకల నుంచి తీసిన పురుగుల పెంట కూడా డ్రమ్ములో వేయమంటున్నారు. ఇది అస్సలు వద్దు. పాల రోగం వైరస్, పెబ్రిన్ బీజాలు ఆ పెంటలోనే ఉంటాయి. దాన్ని నీళ్లలో కలిపి, చేతులతో కలియబెట్టి, అదే చేతులతో ఆకు వేస్తే రోగాన్ని మనమే షెడ్డులోకి మోసుకెళ్లినట్టు.

▪️ రోగం వచ్చిన పురుగులను కోళ్లకు వేయడం కూడా మానుకోండి. కోళ్లు వాటిని షెడ్డు చుట్టూ చిమ్ముతాయి. రోగపు పురుగులను బ్లీచింగ్, సున్నం కలిపిన నీళ్లలో వేసి, తర్వాత దూరంగా పూడ్చాలి లేదా కాల్చాలి.

కాబట్టి ఆ చెల్లెకు మా జవాబు: షెడ్డు పక్కన వద్దు. దూరంగా పెట్టినా లెక్క కుదరదు. బీడీల పైసలు అందులో పోయకండి.

*మరి ప్రొటీన్ ఎక్కడ? మన తోటలోనే*

వద్దు అని చెప్పి వదిలేస్తే దాణా ఖర్చు తగ్గదు. మన దగ్గర ఇప్పటికే ఉన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

*మల్బరీ ఆకు.* ఎండు లెక్కన మల్బరీ ఆకులో సుమారు 20 శాతం ప్రొటీన్ ఉంటుంది. 10 కిలోల పచ్చి ఆకులో రెండున్నర, మూడు కిలోల ఎండు పదార్థం, అందులో 500 నుంచి 600 గ్రాముల ప్రొటీన్. అంత ప్రొటీన్ ఈస్ట్ ద్వారా రావాలంటే 4, 5 కిలోల మొలాసిస్ కావాలి, అదీ అన్నీ కుదిరితే. పేడలోని నత్రజనిని ప్రొటీన్‌గా మార్చే యంత్రం కావాలంటే అది మల్బరీ మొక్కే. దానికి చక్కెర కొనక్కర్లేదు, ఎండ నుంచి అదే చేసుకుంటుంది. నీటి వసతి ఉన్న వి-1 తోటకు హెక్టారుకు ఏడాదికి 20 టన్నుల పశువుల ఎరువు వేయాలని పట్టు పరిశోధన కేంద్రాల సిఫారసు. ఎకరానికి 8 టన్నులు. మన రెండు బర్రెల పేడ అంతా తోటకే చాలదు, డ్రమ్ముకు ఎక్కడ మిగులుతుంది?

అలాగని పురుగులకు వేసే ఆకు కోసి మేకలకు వేయమని కాదు. 100 గుడ్లకు సుమారు 1000 కిలోల ఆకు పోసి 60, 70 కిలోల గూళ్లు తీస్తాం. అంటే 10 కిలోల ఆకు విలువ అర కిలో పైన గూళ్లు. మేకలకు వెళ్లాల్సింది పంట మానేసినప్పుడు ముదిరిపోయే ఆకు, కత్తిరింపులో వచ్చే లేత కొమ్మలు, పురుగులు గూటికెక్కాక మిగిలిన ఆకు. ఒక్క జాగ్రత్త: పడక మీద సున్నం, మందు పొడి చల్లిన ఆకు, రోగం వచ్చిన షెడ్డు ఆకు పశువులకు వేయొద్దు. తోటలో మందు కొట్టి ఉంటే గడువు దాటేదాకా ఆగాలి. కోళ్లకు ఎండిన ఆకు పొడి దాణాలో కొద్దిగా మాత్రమే కలపాలి, పీచు వాటికి ఎక్కువ అరగదు.

*బర్రె కడుపు.* ఈస్ట్ డ్రమ్ము చేయాల్సిన పని బర్రె పెద్ద కడుపు రోజూ చేస్తూనే ఉంది. అక్కడి సూక్ష్మజీవులు నత్రజనిని తీసుకుని ప్రొటీన్ కడతాయి. బర్రె తర్వాత ఆ సూక్ష్మజీవులనే అరిగించుకుంటుంది. అందుకే ఎండు గడ్డిని యూరియాతో మగ్గబెట్టే పద్ధతి పనిచేస్తుంది: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. తర్వాత కాసేపు ఆరనిచ్చి, కొద్ది కొద్దిగా అలవాటు చేయాలి. యూరియా కొలత తప్పితే పశువు చనిపోతుంది, కాబట్టి మొదటిసారి పశువైద్యుల సలహాతోనే చేయండి. ఆరు నెలల లోపు దూడలకు, కోళ్లకు ఇది పనికిరాదు.

*అజోల్లా.* పేడ నీళ్లలో పెరిగే ప్రొటీన్ అంటే ఇదే గుర్తొస్తుంది. కన్యాకుమారి వివేకానంద కేంద్రం పద్ధతి చాలామందికి తెలుసు. రెండు మీటర్ల చదరపు గుంత, ప్లాస్టిక్ షీటు, జల్లించిన మట్టి, 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్. రోజుకు 500 గ్రాముల పైన పచ్చి అజోల్లా వస్తుంది. ఇది మంచిదే, ఎక్కువ చేసి మాత్రం చెప్పొద్దు. అందులో 94, 95 శాతం నీళ్లే. అర కిలోలో ఎండుది 25, 30 గ్రాములు, ప్రొటీన్ 6, 7 గ్రాములు. పది కోళ్లకు పచ్చి మేతగా బాగుంటుంది. బర్రె దాణాకు బదులు కాదు.

*ప్యూపా.* గూడు బరువులో సుమారు 80 శాతం ప్యూపాదే. 100 కిలోల పచ్చి గూళ్ల నుంచి దాదాపు 20 కిలోల ఎండు ప్యూపా వస్తుంది, అందులో సగానికి పైగా ప్రొటీన్. కానీ అది రీలింగ్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. రీలింగ్ యూనిట్ దగ్గర్లో ఉంటే తాజాగా ఎండబెట్టినది, నూనె తీసినది అడిగి కొని కోళ్ల దాణాలో కలుపుకోవచ్చు. నూనె ఎక్కువ కాబట్టి పాతబడితే ముక్క వాసన వస్తుంది, అది కొనొద్దు. రీలింగ్ నుంచి తెచ్చిన సరుకు రేరింగ్ షెడ్డు దరిదాపుల్లో పెట్టొద్దు.

*పురుగుల పెంట.* పురుగు తిన్న ఆకులో ఎండు లెక్కన దాదాపు 60 శాతం పెంటగా బయటికే వస్తుంది. చైనాలోని హుజౌ ప్రాంతంలో వందల ఏళ్లుగా చెరువు గట్ల మీద మల్బరీ, గట్టు కింద చేపలు పెంచుతున్నారు. పురుగుల పెంట చెరువులోకి, చెరువు బురద మల్బరీకి. 2017లో ఎఫ్.ఏ.ఓ. దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వ పద్ధతిగా గుర్తించింది. మన మెట్ట ఊళ్లలో చెరువు లేకపోతే కంపోస్టే దారి. పచ్చి పెంట నేరుగా తోటలో వేయకుండా, షెడ్డుకు దూరంగా గుంతలో పేడతో కలిపి బాగా మగ్గనిచ్చాకే వేయండి.

*ఈస్ట్ అసలు వాడకూడదా?*

వాడొచ్చు. పాడి పశువులకు పొడి రూపంలో దొరికే లైవ్ ఈస్ట్ రోజుకు కొన్ని గ్రాములు ఇస్తారు. అది ప్రొటీన్ కోసం కాదు, పెద్ద కడుపులో అరుగుదల బాగుండటం కోసం. డిస్టిలరీలు, బీరు కంపెనీల దగ్గర మిగిలే ఈస్ట్‌ను ఎండబెట్టి దాణా కంపెనీలు కలుపుతాయి. అది చక్కెర ఖర్చు వేరేవాళ్లు భరించాక మిగిలిన ఈస్ట్, కాబట్టి లెక్క కుదురుతుంది.

*సెట్టు అమ్మడానికి ఎవరైనా వస్తే ఈ ఐదు అడగండి*

1️⃣ ఈస్ట్‌కు చక్కెర ఎక్కడి నుంచి? కిలో ప్రొటీన్‌కు ఎన్ని కిలోల మొలాసిస్?
2️⃣ రిపోర్టులో ఉన్నది ముడి ప్రొటీనా, నిజ ప్రొటీనా? యూరియా కలిపారా?
3️⃣ పేడ నుంచి ఈస్ట్‌ను ఎలా వేరు చేస్తారు? ఎంత వేడి మీద ఎండబెడతారు?
4️⃣ సాల్మొనెల్లా పరీక్ష చేయించారా?
5️⃣ ఏడాదిగా వాడుతున్న రైతు ఎవరు? వెళ్లి చూడొచ్చా?

ఐదింటికీ సూటిగా జవాబు వస్తే అప్పుడు ఆలోచిద్దాం. రాకపోతే ఆ డబ్బుతో ఒక ట్రాలీ పశువుల ఎరువు కొని తోటకు వేయండి. వచ్చే పంటకు ఆకు లెక్కే చెబుతుంది.

మీ ఊళ్లో పల్లీ చెక్క, పత్తి చెక్క, మొలాసిస్ ధరలు ఎంతున్నాయో గ్రూపులో రాయండి. ఊరివారీగా పట్టిక వేసి పంచుకుందాం. ఈ వ్యాసం మీ పాడి రైతు మిత్రులకు కూడా పంపండి. 🌿🐛